తాడు బిగియకముందే తమ్ముడికి చెప్పాల్సిన మాట

ఈసారి ఉత్తరం ఈసీఐఎల్ దగ్గర ఉండే ఒక పాఠకురాలి నుంచి. వయసు 42. ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతారు. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

కిందటి జూన్‌లో ఆవిడ, భర్త, పదమూడేళ్ల పాప కలిసి డాలస్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లారు. తమ్ముడు ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక బోటు కొనుక్కున్నాడు. శనివారం వస్తే సరస్సు దగ్గరే మకాం. పన్నెండేళ్ల మేనల్లుడు కాళ్లకి స్కీలు అనే రెండు పొడుగు పలకలు తొడుక్కుని, తాడు పట్టుకుని, బోటు వెనకాల నీళ్ల మీద నిలబడి జారిపోతుంటే ఈవిడకీ మనసైంది. వాటర్ స్కీ అంటే అదే. "ఈత వచ్చు కదక్కా?" అని తమ్ముడు అడిగాడు. వచ్చు అన్నారు. నిజానికి రాదు. వాళ్లది మిర్యాలగూడ. ఈవిడకి ఆరేళ్లప్పుడు మేనమామ సాగర్ ఎడమ కాలువలో కొట్టుకుపోయాడు. అప్పట్నుంచి అమ్మ పిల్లలెవర్నీ కాలువ గట్టు ఎక్కనివ్వలేదు. "పక్కనే కూర్చున్న మా పాప నా చెవిలో, 'అమ్మా, నీకు ఈత రాదని మామయ్యకి చెప్పనా?' అంది. నోర్మూసుకోమన్నాను" అని రాశారు.

ఆరుసార్లు ప్రయత్నించారు. ఆరుసార్లూ పడ్డారు. ఆరోసారి ఎడమ తొడ వెనకాల, పిరుదు కింద, టప్‌మని ఏదో తెగినట్టయింది. రెండు రోజుల్లో మోకాలి దాకా నల్లగా కమిలింది. కాలు బెణికిందని చెప్పి ఊరుకున్నారు. హైదరాబాద్ వచ్చాక నొప్పి మాత్రలు, బామ్. ఇప్పటికీ స్టాఫ్ రూమ్‌లో చెక్క కుర్చీ మీద గంట కూర్చుంటే అక్కడ పోటు వస్తోందట. ఈలోగా మరదలు తీసిన వీడియో కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఈవిడ కూడా పెట్టారు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు.

వచ్చే జూన్‌లో మళ్లీ ప్రయాణం. పాప తనూ స్కీ చేస్తానంటోంది. భర్త "ఈ వయసులో ఆ సర్కస్ ఎందుకు?" అంటున్నారు. అత్తగారికి బట్టల మీద అభ్యంతరం. అమ్మకి అసలు సంగతే తెలియదు. తమ్ముడు మాత్రం "ఈసారి నిన్ను నిలబెట్టి తీరతానక్కా" అంటున్నాడు. "నాకు పది సెకన్లు నిలబడితే చాలు. ప్రయత్నించనా, వదిలేయనా? పాపని ఎక్కించనా? హైదరాబాద్‌లోనే ఎక్కడైనా ముందుగా నేర్చుకోవచ్చా?" అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది: "బోటు నడిపే అతని చేతిలో అప్పుడప్పుడూ బీరు డబ్బా కనిపిస్తుంది. అక్కడ అదేం పెద్ద విషయం కాదంటారు."

మీ ఉత్తరం చదువుతుంటే నాకు నా మొదటి రోజు గుర్తొచ్చింది. మావారి ఉద్యోగం మీద మిషిగన్‌లో ఉన్నప్పుడు, 36 ఏళ్ల వయసులో నేను స్కీ నేర్చుకున్నాను. హైదరాబాద్ వచ్చేసి చాలా ఏళ్లయినా, మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన ప్రతి వేసవిలో నాలుగైదు రోజులు నీళ్లలోనే ఉంటాను. పోటీల్లో పాల్గొన్నదాన్ని కాదు, సరదాకి చేసేదాన్ని. కాబట్టి వయసు గురించి మీవారు అన్నమాట ముందు పక్కన పెట్టేద్దాం. 42 ఏళ్లకి రెండు స్కీల మీద నిలబడటం అసాధ్యమేమీ కాదు. మిమ్మల్ని పడేస్తున్నది వయసు కాదు. అదేమిటో తర్వాత చెబుతాను. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

మీ కాలు.

మీరు రాసిన మూడు మాటలు, పిరుదు కింద టప్‌మన్న శబ్దం, మోకాలి దాకా కమలడం, కూర్చుంటే పోటు, ఈ మూడూ కలిపి చదివితే నాకు బెణుకులా అనిపించలేదు. తొడ వెనక కండరాన్ని హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. అది పైన, మనం కూర్చుంటే నేలకి ఆనే ఎముక దగ్గర మొదలవుతుంది. వాటర్ స్కీలో కొత్తవాళ్లకి తగిలే పెద్ద దెబ్బల్లో ఆ కండరం ఎముక దగ్గర చిరగడం ఒకటి. తెలిసిన డాక్టర్లు ఈ ఆట పేరు చెప్పగానే ఆ చోటే నొక్కి చూస్తారు. ఎలా జరుగుతుందంటే, బోటు లాగేటప్పుడు మోకాళ్లు ముందే చాపేస్తాం. నీళ్లు స్కీలని ముందుకు తన్నుతాయి, తాడు ఒంటిని ముందుకు వంచుతుంది. నడుము దగ్గర ఒళ్లు మడతపడి, కాళ్లు మాత్రం కర్రల్లా బిగిసి ఉంటాయి. ఆ లాగుడంతా తొడ వెనక కండరం మీదే పడుతుంది.

నేను డాక్టర్‌ని కాదు. అది చిన్న చిరుగా, పెద్దదా అన్నది ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు. ఎముకల డాక్టర్‌కి, వీలైతే ఆటల దెబ్బలు చూసే డాక్టర్‌కి చూపించండి. "కాలు నొప్పి" అనొద్దు. "వాటర్ స్కీ చేస్తూ పడ్డాను, ఇక్కడ టప్‌మంది, ఇంతవరకూ కమిలింది" అని వరసగా చెప్పండి. ఆ రోజుల్లో తీసిన ఫోటో ఉంటే చూపించండి. అవసరమనుకుంటే ఎమ్మారై రాస్తారు. చిన్న చిరుగైతే ఫిజియోథెరపీతో చాలావరకు సర్దుకుంటుంది, కానీ నెలలు పడుతుంది. ఎముక నుంచి పూర్తిగా ఊడి ఉంటే మొదటి కొన్ని వారాల్లోనే చూపించుకోవడం మంచిది. ఆ సమయం దాటిపోయింది, నిజమే. అయినా ఇప్పుడు చూపిస్తే, జూన్‌లో మళ్లీ అదే చోట లాగుడు పడితే ఏమవుతుందో ముందే తెలుస్తుంది. డాక్టర్ సరే అనేదాకా నేను కింద రాసినవేవీ మొదలుపెట్టకండి. ఇందులో బతిమాలుకోవడానికి వీల్లేదు.

ఇక ఈత.

"లైఫ్ జాకెట్ ఉంది కదా, ఈతతో పనేముంది" అని మీరు అనుకుని ఉంటారు. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, నిజం. కానీ స్కీ తాడు మామూలుగా 75 అడుగులు ఉంటుంది. మీరు పడ్డాక బోటు వేగం తగ్గించి, తిరిగి, మీ దగ్గరికి రావాలి. అంతవరకూ నడి సరస్సులో మీరు ఒక్కరే. ముఖం కిందకి పడి ఉండొచ్చు. ఒక స్కీ కాలికి వేలాడుతూ ఉండొచ్చు. ముక్కులోకి నీళ్లు పోయి ఉంటాయి. ఈత వచ్చినవాళ్లు ఆ క్షణంలో వెల్లకిలా తిరిగి, ఊపిరి పీల్చుకుని, చెయ్యెత్తుతారు. రానివాళ్లు కొట్టుకుంటారు. బోటు నడిపేవాడు మీకు ఈత వచ్చనుకుంటే నింపాదిగా తిరిగి వస్తాడు. రాదని తెలిస్తే మిమ్మల్ని ఒడ్డుకి దగ్గర్లో లోతు లేనిచోట మొదలుపెట్టిస్తాడు, లేదా అసలు దించడు. మీరన్న "వచ్చు" అనే ఒక్క మాటతో అతను చెయ్యాల్సిన నిర్ణయాలన్నీ తప్పిపోయాయి.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తమ్ముడి స్నేహితుల ముందు, మరదలి ముందు "నాకు రాదు" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ మేనమామ పోయినప్పటినుంచి మీ ఇంట్లో నీళ్ల గురించి మాట్లాడటమే మానేసి ఉంటారు. భయపడుతున్నామని చెప్పుకోకుండానే భయపడుతూ పెరిగిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. 2017లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోట్లు మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చిన అమ్మలకి "వాటర్ స్కీ" అంటే వినిపించేది నీళ్లు అనే మాట ఒక్కటే. మీ అమ్మగారి భయం చాదస్తం కాదు. ఆవిడ కళ్లతో చూసింది. ఆవిడకి చెప్పేటప్పుడు "ఏం కాదులే అమ్మా" అనకండి. "ఈత నేర్చుకుంటున్నాను" అని మొదలుపెట్టండి. ఆ మాటే ఆవిడకి ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

కాబట్టి హైదరాబాద్‌లో మీరు నేర్చుకోవాల్సింది స్కీ కాదు, ఈత. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, స్పీడ్ బోట్లు తిరుగుతాయి కదా అని మీరు అడిగారు. పడవలో కూర్చుని తిరగడం వేరు. స్కీ నేర్చుకునే మనిషి ఒక పూటలో ఎన్నోసార్లు నీళ్లలో పడుతుంది, ప్రతిసారీ గుక్కెడు మింగుతుంది. నాలాల నీళ్లు కలిసే హుస్సేన్ సాగర్‌లో ఆ పని చెయ్యొద్దు. గండిపేట, హిమాయత్ సాగర్ నగరానికి తాగునీళ్ల కోసం కట్టిన చెరువులు, అక్కడ మోటారు బోట్ల ఆటల ఊసే వద్దు. దుర్గం చెరువులో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడుపుకోవచ్చు, అది మంచి కాలక్షేపమే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు.

స్విమ్మింగ్ పూల్‌లో లేడీస్ బ్యాచ్ చూసుకుని చేరండి. ఏప్రిల్ దాకా ఆగొద్దు. సెలవులు ఇవ్వగానే పూల్ నిండా పిల్లలే ఉంటారు, కోచ్‌కి మీ వైపు చూసే తీరిక ఉండదు. చేరిన రోజే కోచ్‌కి మీ మేనమామ సంగతి చెప్పండి. మీరు పోటీకి ఈదనక్కర్లేదు. ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం, వెల్లకిలా కదలకుండా తేలడం, బోర్లా ఉన్నప్పుడు తనంతట తాను వెల్లకిలా తిరగడం, కంగారు పడకుండా రెండు పూల్ పొడవులు ఎలాగోలా దాటడం, ఇవి వస్తే చాలు. పెద్దవయసులో మొదలుపెట్టిన చాలామందికి ఇది రెండు మూడు నెలల పని. చివరి వారం లైఫ్ జాకెట్ తీసుకెళ్లి, కోచ్‌ని అడిగి, అది వేసుకుని నీళ్లలో బోర్లా పడి తిరగడం అలవాటు చేసుకోండి. జాకెట్‌తో తిరగడం వేరేగా ఉంటుంది. మొదటిసారి అది సరస్సులో తెలుసుకోవడం కన్నా పూల్‌లో తెలుసుకోవడం నయం.

ఇప్పుడు మిమ్మల్ని పడేస్తున్న సంగతికి వస్తాను. మీ మరదలు తీసిన వీడియో మీరు డిలీట్ చేశానన్నారు. గ్రూపులోంచి మళ్లీ దించుకోండి. సౌండ్ పూర్తిగా తగ్గించి, ఆపి ఆపి చూడండి. బోటు కదిలిన వెంటనే మీ మోకాళ్లు ఏం చేస్తున్నాయో, మోచేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే చూడండి. నేను పందెం కాసి చెప్పగలను, తాడు బిగియగానే మీరు లేచి నిలబడటానికి చూసి ఉంటారు, చేతులతో హ్యాండిల్‌ని గుండెల మీదకి లాక్కుని ఉంటారు. దాదాపు కొత్తవాళ్లందరం చేసేది అదే. పడిపోతున్న మనిషి ఏదైనా పట్టుకుని లేవాలనుకోవడం సహజం. ఈ ఆటలో అదే పడేస్తుంది.

నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ, అప్పటికే ఆవిడకి 60 దాటాయి. నేను నాలుగుసార్లు పడ్డాక బోటు పక్కకి తెచ్చి, ఇంజన్ ఆపి, నాతో ఒకటే చెప్పింది: "నువ్వు లేవకు. బోటు లేపుతుంది. నువ్వు కూర్చునే ఉండు." ఐదోసారి నేను నిజంగానే ఏమీ చెయ్యలేదు. మోకాళ్లు గుండెలకి ఆనించి, చేతులు చాపి, స్కీల ముక్కులు నీళ్ల పైకి జానెడు కనిపించేలా పెట్టి, తాడు రెండు స్కీల మధ్యలో ఉందో లేదో చూసుకుని, గొంతుక్కూర్చున్నట్టు ఉండిపోయాను. బోటు లాగింది. ముందు నీళ్ల గోడ ఒకటి వచ్చి ముఖం మీద కొట్టింది. ఏమీ కనిపించలేదు. అరికాళ్ల కింద బురద తొక్కుతున్నట్టు బరువుగా ఉంది. అప్పుడే లేవాలనిపిస్తుంది. లేవలేదు. ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ఉన్నట్టుండి ఆ బరువు పోయింది, కాళ్ల కింద గచ్చులా గట్టిగా తగిలింది. అప్పుడు పీట మీంచి లేచినట్టు మెల్లగా లేచాను. మోకాళ్లు పూర్తిగా చాపలేదు. చూపు స్కీల మీద కాకుండా బోటు మీద పెట్టాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పడ్డాక మాత్రం నీళ్లలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను.

ఈ ఆట కనిపెట్టిన కుర్రాడు చేసిన తప్పు కూడా ఇలాంటిదే. 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో, లేక్ పెపిన్ అనే సరస్సు మీద, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు పీపా చెక్కలతో ప్రయత్నించాడు, మంచు మీద జారే స్కీలతో ప్రయత్నించాడు, చివరికి ఎనిమిది అడుగుల పైన్ పలకలు తెచ్చి వాటి కొసల్ని వాళ్లమ్మ రాగి పాత్రలో మరిగించి వంచాడు. అయినా రోజుల తరబడి పడ్డాడు, ఎందుకంటే స్కీల ముక్కుల్ని నీళ్లతో సమానంగానో కిందకో పెట్టేవాడు. వెనక్కి వాలి, ముక్కులు పైకి పెట్టిన రోజున నిలబడ్డాడు. అది జులై 2, అతనికి 19 ఏళ్లు నిండటానికి ఒక్క రోజు ముందు. నేర్పేవాళ్లెవరూ లేరు అతనికి. మీకు ఉన్నారు.

డాక్టర్ సరే అన్నాక, ఇంట్లోనే దీన్ని ప్రాక్టీస్ చేయొచ్చు. బట్టలారేసే నైలాన్ తాడుకి అప్పడాల కర్ర మధ్యలో గట్టిగా కట్టండి. డాబా మీద చాప వేసుకుని కూర్చోండి. అరికాళ్లు నేలకి ఆనాలి, మోకాళ్లు గుండెలకి దగ్గరగా ఉండాలి, చేతులు మోకాళ్ల పక్కనుంచి చాచి కర్ర పట్టుకోవాలి. మీవారిని తాడు రెండో కొస పట్టుకుని నిదానంగా, కుదుపు లేకుండా వెనక్కి వాలమనండి. మీరు చేతులు వంచకూడదు, లేవడానికి ప్రయత్నించకూడదు. ఆయన బరువే మిమ్మల్ని పిరుదుల మీంచి పాదాల మీదకి తెస్తుంది. మోచేతులు వంచిన ప్రతిసారీ మీరు వెనక్కి పడతారు. ముప్పై నలభైసార్లు చేస్తే "నేను లేవడం కాదు, నన్ను లేపడం" అన్న సంగతి ఒంటికి తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. మీవారు వీడియో చూసి సర్కస్ అన్నారు. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఆ తాడు ఆయన చేతిలో ఉంటే, ఇందులో ఎక్కడ ప్రమాదం ఉందో, ఎక్కడ లేదో ఆయనకీ తెలుస్తుంది. మన దగ్గర చాలామంది వాటర్ స్కీ అంటే జెట్ స్కీ అనుకుంటారు, ఆ మోటారు సైకిల్ లాంటి బండి. ఆయనా అదే అనుకుంటున్నారేమో కనుక్కోండి.

తాడు వదిలేయడం కూడా డాబా మీదే నేర్చుకోండి. ఎవరూ నేర్పరు దీన్ని. బ్యాలెన్స్ తప్పిన క్షణమే చేతులు తెరిచేయాలి. నేను నేర్చుకున్న రెండో ఏడాది, ఇంత కష్టపడి లేచాను కదా అని వదలకుండా పట్టుకున్నాను. ముఖం నీళ్లలో, నోట్లోకి నీళ్లు, భుజం ఊడి వస్తుందేమో అన్నంత లాగుడు. నాలుగైదు సెకన్లే. ఆ భుజం మూడు నెలలు పైకి లేవలేదు. మీ ఆరోసారి కూడా మీరు వదల్లేదని నా అనుమానం. వరసగా ఆరుసార్లు కూడా ఎక్కువే. మూడు నాలుగు ప్రయత్నాలకే ముంజేతులు అలిసిపోతాయి, తర్వాత చేసేవన్నీ తప్పులే. అలిసిపోతే ఆ రోజుకి చాలించండి. తాడుని చేతికో వేలికో చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

బట్టల విషయంలో మీ అత్తగారూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం, కారణాలు వేరు. ఆడవాళ్లం దీని గురించి పైకి చెప్పుకోం కాబట్టి తెరిచే రాస్తున్నాను. పలచటి స్విమ్ సూట్‌తోనో, కాటన్ లెగ్గింగ్స్‌తోనో స్కీ చేస్తే, వేగంగా కూర్చున్నట్టు పడినప్పుడు నీళ్లు ఒత్తిడితో ఒంట్లోకి తోసుకుపోతాయి. లోపల చిరిగి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. అందుకే నియోప్రీన్ అనే మందపాటి రబ్బరు బట్టతో చేసిన షార్ట్స్ గానీ, పొడుగు ప్యాంటు గానీ వేసుకోవాలి. మీకూ, మీ పాపకీ కూడా. పైన నిండు చేతుల రాష్ గార్డ్, అంటే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, దాని మీద బిగుతైన లైఫ్ జాకెట్. పొడుగు ప్యాంటు తీసుకుంటే మెడ నుంచి మడమ దాకా కప్పేసే బట్టలు ఇవి, మీ అత్తగారికి ఒక ఫోటో చూపిస్తే చాలు. జాకెట్ ఎవరిదో వదులుగా ఉన్నది వేసుకోకండి. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. గాలి నిండేరకం జాకెట్లు ఈ ఆటకి పనికిరావు.

ఇప్పుడు మీ ముందున్న దార్లు చూద్దాం.

డాక్టర్ ఒప్పుకుని, ఈత వచ్చి, డాబా మీద అలవాటైతే, జూన్‌లో ప్రయత్నించవచ్చు. బోటు వేగం గంటకి 30 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటే కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకి సరిపోతుంది. తాడు ముందు మెల్లగా బిగించి, తర్వాత కుదుపు లేకుండా వేగం పెంచమనండి. బోటు పక్కకి బిగించే బూమ్ అనే కడ్డీ మీ తమ్ముడి స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మంచిది. దాన్ని పట్టుకుని నేర్చుకుంటే నడిపే మనిషి పక్కనే ఉండి మాట్లాడుతూ ఉంటాడు, నీళ్ల గోడ కూడా అంత కొట్టదు. ఇందులో కష్టం ఒకటే. ఇంత చేశాక కూడా మొదటి రోజు నిలబడకపోవచ్చు. అప్పుడు మళ్లీ వీడియో, మళ్లీ నవ్వే బొమ్మలు. ఫోన్లు బోటులో పెట్టెలో పెట్టమని ముందే అడిగే హక్కు మీకుంది. మీ మరదలు కావాలని నొప్పించే మనిషని మీ ఉత్తరం చదివితే అనిపించలేదు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదని ఆమెకి తెలియదు, ఎందుకంటే మీరూ నవ్వే బొమ్మే పెట్టారు.

కాలు బాగవ్వకపోతే, లేదా ఈత అనుకున్నంత రాకపోతే, ఈ ఏడాది నీళ్లలోకి దిగకుండా బోటులో అబ్జర్వర్‌గా కూర్చోవచ్చు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. నడిపేవాడు ముందుకి చూడాలి, కాబట్టి వెనక ఉన్న మనిషిని చూసే కళ్లు ఇంకొకరివి కావాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనికి చట్టమే ఉంది. నీళ్లలో ఉన్న మనిషి చేసే సైగలు చూసి నడిపేవాడికి చెప్పడమే అబ్జర్వర్ పని. బొటనవేలు పైకి చూపిస్తే వేగం పెంచమని, కిందకి చూపిస్తే తగ్గించమని, తల మీద తట్టుకుంటే వెనక్కి తీసుకెళ్లమని, గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా కదిపితే వెంటనే ఆపమని. పడ్డాక చెయ్యెత్తితే బాగానే ఉన్నానని అర్థం. చెయ్యి లేవకపోతే వెంటనే తిరగాలి. ఒక వేసవంతా అక్కడ కూర్చుంటే ఎవరు ఎలా లేస్తున్నారో, ఎందుకు పడుతున్నారో మీకు బొమ్మ గీసినట్టు తెలుస్తుంది. ఆ మరుసటి ఏడాది మీకే తేలిక. ఇందులో కష్టం, మీ తమ్ముడు "ఒక్కసారి దిగక్కా" అని వదలకుండా అడుగుతాడు. మీ దగ్గర గట్టి జవాబు ఉండాలి.

పూర్తిగా వదిలేయడమూ ఒక దారే. నీళ్లంటే నిజంగా ఇష్టం లేకుండా, ఆ వీడియోకి జవాబు చెప్పడానికే చేస్తున్నట్టయితే వదిలేయండి. కానీ మీరు "పది సెకన్లు చాలు" అని రాశారు. నవ్వినవాళ్లకి చూపించాలనుకునే మనిషి పది సెకన్లు అడగదని నాకనిపించింది. ఇది మీకే తెలియాలి.

పాప విషయం వేరు. తనకి ఈత బాగా వచ్చన్నారు. పదమూడేళ్ల పిల్లలు చకచకా నేర్చుకుంటారు. గంటకి పాతిక కిలోమీటర్ల లోపు వేగం, సరిపోయే జాకెట్, చిన్న స్కీలు, చూసే పెద్దవాళ్లు ఒకరు. ఇవి ఉంటే ఎక్కించండి. నేనైతే ఎక్కిస్తాను. ఒక్క షరతు. నడిపేవాడి చేతిలో బీరు డబ్బా ఉన్న రోజు ఎవరూ దిగకూడదు, మీరూ, పాపా, మేనల్లుడూ. అక్కడ కారు తాగి నడిపితే ఎంత నేరమో బోటు తాగి నడిపితే కూడా అంతే నేరం. "అదేం పెద్ద విషయం కాదంటారు" అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. బోటు వెనకాల నీళ్లలో ఉన్న మనిషి ప్రాణం స్టీరింగ్ పట్టుకున్నవాడి కళ్ల మీద ఆధారపడి ఉంటుంది. మళ్లీ బోటు ఎక్కేటప్పుడు ఇంజన్ పూర్తిగా ఆపాలి, న్యూట్రల్‌లో పెట్టడం చాలదు, కింద ఫ్యాన్ రెక్కలు ఉంటాయి. ఇవన్నీ తాగిన మనిషి మర్చిపోతాడు. తమ్ముడికి ఈ మాట మొహమాటం లేకుండా చెప్పండి. అక్క మాట కదా, వింటాడు.

ఇవన్నీ చెప్పాల్సింది జూన్‌లో సరస్సు దగ్గర కాదు. అక్కడ మళ్లీ అందరూ ఉంటారు, స్కీలు సిద్ధంగా ఉంటాయి, "వచ్చు" అనే మాట మళ్లీ నోట్లోంచి వచ్చేస్తుంది. ఈ ఆదివారం ఫోన్ చెయ్యండి. వీడియో కాల్ వద్దు, మామూలు కాల్. "రా, ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను, నాకు ఈత రాదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాను. కాలు కూడా బెణకలేదు, డాక్టర్‌కి చూపిస్తున్నాను" అని రెండు వాక్యాలు. వాడు కంగారు పడతాడు, ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడతాడు. పడనివ్వండి. ఆ ఫోన్ చేసేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. మామయ్యకి చెప్పనా అని అడిగింది తనే కదా.

డాక్టర్ ఏమన్నారో నాకూ రాయండి. స్కాన్‌లో చిన్న చిరుగే అని వస్తే, డాబా మీద తాడు ఎలా కట్టారో ఒక ఫోటో పంపండి. అప్పడాల కర్ర మధ్యలో ముడి జారకుండా ఉందో లేదో చూసి చెబుతాను.